మా చిన్నమ్మకు కారు పడదు

మా మనవడు కారు కొనబోతున్నాడు. మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు, మధ్యరకం. జీతం మీద బతికేవాళ్ళ చేతికి అందేది. కొద్దిరోజులుగా సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే నా మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఆ కారును ఇప్పటికే కొన్నవాళ్ళు రాసిన అనుభవాలు ఫోనులో చదువుతున్నాడు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం కనుక తెలుగూ తమిళమూ కలిపి వాడే చెబుతాడు. ఒకాయనకు మైలేజీ బాగా వస్తోందట. ఇంకొకాయనకు ఏసీ చాలడం లేదట. ఒకావిడ వెనక సీటును తెగ మెచ్చుకుందట. ముగ్గురు పెద్దవాళ్ళు ఒకరినొకరు ఒరుసుకోకుండా కూర్చోవచ్చునట.

మీ ఇంట్లోనూ కారుండేది కదా అవ్వా, అది ఎలా ఉండేదని అడిగాడు. బాగానే ఉండేదన్నాను. వాడు మళ్ళీ ఫోనులో పడ్డాడు. నేను మాత్రం ఆ వెనక సీటు దగ్గరే ఆగిపోయాను.

కోయంబత్తూరు చుట్టూ ఎటు చూసినా మిల్లు పొగగొట్టాలే కనిపించే రోజులవి. తెల్లవారుతూనే ఒక మిల్లు సంగు, అదే సైరను, ఊదేది, దాని వెనకే ఇంకొకటి. ఆ కూతలను బట్టే ఇళ్ళలో పొయ్యి వెలిగించేవారు. మేము ఎన్నో తరాల కిందట వచ్చి ఆ నల్లరేగడిలో పత్తి వేసుకున్న తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. మాలో కొందరు మిల్లు ఓనర్లయ్యారు. మేము కాలేదు. ఇంటి వెనక ఒక జిన్నింగు కొట్టం, దాని చుట్టూ ఎప్పుడూ గాలిలో తేలుతుండే పత్తి నూగు, అదీ మా ఆస్తి. అన్నం మీద, పెరుగు మీద, అమ్మ కొప్పు మీద కూడా ఆ నూగు వాలి ఉండేది. ఇల్లంతా పత్తిగింజల జిడ్డు వాసన.

మిల్లు ఓనర్లకు పడవల్లాంటి సీమ కార్లుండేవి. మన దేశంలోనే తయారైన మధ్యరకం కారు మా అందుబాటులోకి వచ్చాక, వీధిలో నాలుగైదు ఇళ్ళవాళ్ళు అదే కొన్నారు. అప్పటి నుంచి సాయంత్రాలు మా తిన్నె మీద వేరే మాట లేదు. ఒకాయన కారు ఎత్తు ఎక్కితే చాలు మరిగిపోయేది. ఇంకొకాయన కారు తలుపు గుంతలో పడ్డప్పుడల్లా దానంతట అదే తెరుచుకునేది, ఆయన భార్య ఆ తలుపును తాడుతో కట్టుకుని కూర్చునేది. ఎదురింటాయన కారులోకి వానాకాలంలో నీళ్ళు కింద నుంచి వచ్చేవి. ఎవరి కారును వాళ్ళు తిట్టుకోవచ్చు. పక్కవాడు ఒక్క మాటంటే మాత్రం వారం రోజులు ముఖాలు చూసుకునేవారు కాదు.

మా కారు రంగు మీగడ తెలుపు. తలుపు తీస్తే కొత్త రెక్సిను, పెట్రోలు, మా అవ్వ పూసిన చందనం కలిసి ఒక వాసన వచ్చేది. కొన్నది మా నాయనైనా కారు అవ్వది. కాళ్ళు కడుక్కోనిదే ఎవరూ ఎక్కకూడదు. తలనూనె అంటకుండా సీటు మీద తెల్ల తువ్వాలు పరచాలి. ఎవరు ఎక్కాలి, ఎక్కడ కూర్చోవాలి, అన్నీ అవ్వే చెప్పేది. నేనూ తమ్ముడూ మధ్యాహ్నం అవ్వ కునికే వేళ చూసి దొంగతనంగా కారెక్కి, సిగరెట్టు బూడిద రాల్చుకునే చిన్న అరలో చింతగింజలు కూరేవాళ్ళం. అవ్వ కంట పడకముందే వాటిని జడపిన్నుతో ఒక్కొక్కటే తీసి, మా చెవులు మెత్తగా మెలిపెట్టి వదిలేది చిన్నమ్మ.

చిన్నమ్మ అంటే మా నాయన తమ్ముడి భార్య. చిన్నాయనకు నత్తి. ఒక మాట బయటికి రావడానికి మెడ నరాలన్నీ ఉబ్బేవి. అందువల్ల మాట్లాడడమే మానుకున్నాడు. చుట్టుపక్కల పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రాకపోతే, అవ్వ కొండల పాదాన ఉన్న పెరియకుళం దాకా వెళ్ళి, ఎవరివో మామిడి తోటలు చూసుకునే ఇంటి నుంచి ఈమెను తెచ్చింది. అంత దూరం, అంత కిందికి దిగాల్సి వచ్చినందుకు అవ్వ కొడుకు మీద కోపం చూపలేదు. వచ్చిన పిల్ల మీద చూపింది. ఇంటికొచ్చిన వాళ్ళకు "తోట కావలోళ్ళ పిల్ల" అని పరిచయం చేసేది. చిన్నమ్మ పప్పులో పచ్చిమామిడి వేస్తే ఒక ముద్ద నోట పెట్టుకుని, మిగతాదంతా ఆమె చూస్తుండగానే కుక్క చిప్పలో పోసేది. చిన్నమ్మ చిప్ప కడిగి బోర్లించి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళేది. చిన్నాయన తల వంచుకుని తింటూ ఉండేవాడు.

చిన్నమ్మకు ఒక్కడే తమ్ముడు. అతనికి పెళ్ళి కుదిరింది. మా వాళ్ళ పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు అక్కకు పెద్దపని ఉంటుంది. తాళి కట్టేటప్పుడు వెనక దీపం పట్టుకుని నిలబడేది ఆమె. పెళ్ళికొడుకు ఒక ముడి వేస్తే మిగతా రెండూ వేసేదీ ఆమే. అందుకని అక్కను ముందుగా తీసుకుపోదామని ఆ తమ్ముడే వచ్చాడు. అవ్వ అతనికి కాఫీ ఇప్పించి వెనక్కి పంపేసింది. ఇంట్లో కారు పెట్టుకుని కోడల్ని బస్సులో పంపిస్తే నలుగురూ నవ్వరా అన్నది. అందరం కలిసి కారులోనే వస్తాం, మీ వీధిలో కారాగితే మీకూ మర్యాదే కదా అన్నది. అతను సంతోషంగానే వెళ్ళాడు.

పెళ్ళినాడు ఇంకా చీకటి విడకముందే బయలుదేరాం. ముందు నాయన, పక్కన చిన్నాయన, వాళ్ళ మధ్య మా తమ్ముడు. వెనక అవ్వ, అమ్మ, చిన్నమ్మ, ఆమె ఒళ్ళో నేను. చిన్నమ్మ తన పెళ్ళినాటి లక్కరంగు పట్టుచీర కట్టుకుంది. మల్లెపూలూ మరువమూ కలిపి తల నిండా పెట్టుకుంది. ఆమె అంతగా మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు. కొండ మీద నుంచి వచ్చే వాగు నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో, ఎండుగడ్డిలో మామిడికాయలు మాగేస్తే ఆ గదిలో పడుకున్నవాళ్ళకు కలలో కూడా ఆ వాసనే ఎలా వస్తుందో, వాళ్ళమ్మ నాకోసం ఏ పండు దాచి ఉంటుందో, అన్నీ నా చెవిలో చెబుతూనే ఉంది. ధారాపురం దాటాక కారు మరిగింది. నాయన దిగి మూత మీద తడిగుడ్డ వేసి, ఆవిరి తగ్గేదాకా తిట్టుకుంటూ నిలబడ్డాడు. మేము చింతచెట్ల కింద అరిటాకు పొట్లాలు విప్పి చింతపండన్నం తిన్నాం. చిన్నమ్మ తినలేదు. ముడులు వేసేదాకా ఉపవాసమని చెప్పింది.

ఒట్టన్‌చత్రం చేరేసరికి ఎండ ముదిరింది. అక్కడ మా అత్త ఉండేది, అవ్వకు ఒక్కతే కూతురు. వాళ్ళది కూరగాయల మండీ. వీధంతా లారీలు, చక్రాల కింద నలిగిన కోసుకూర ఆకులు, చిన్నుల్లి ఘాటు. ఆగి కాఫీ తాగి వెళ్దామన్నది అవ్వ. అత్త తన ఇద్దరు పిల్లలతో పట్టుచీరలో తయారై గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె వాళ్ళ మండీ వ్యానులో రావాల్సింది. ఆ వ్యాను కేరళకు సరుకు తీసుకుపోయి ఇంకా తిరిగి రాలేదు.

కాఫీ తాగడం అయింది. అత్త కారు దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూసింది. అవ్వ ఒకసారి సీటు వైపు చూసి, చిన్నమ్మ వైపు తిరిగింది.

"ఇడం పత్తదు, చోటు చాలదు. నువ్వు దిగి బస్సులో వచ్చెయ్. నీ ఊరికి నీకు దారి తెలీదా?"

చిన్నమ్మ మొదట నవ్వింది, పరిహాసమనుకుని. తరువాత నవ్వు ఆగిపోయింది.

"ముహూర్తానికి అందుకోలేను అత్తమ్మా."

"అందుకోకుంటే నీ తమ్ముడి పెండ్లి నిలిచిపోతాదా?"

పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుంటే సరిపోతుందేమోనని నాయన గొణిగాడు. పట్టుచీర నలిగిపోయాక ఏం సరిపోతుందని అవ్వ అడిగింది. అమ్మ తన గాజుల వైపు చూసుకుంటూ కూర్చుంది. చిన్నాయన ముందు సీట్లో ఉన్నాడు. ఆయన మెడ నరాలు ఉబ్బలేదు. అంటే మాట్లాడాలని ప్రయత్నం కూడా చేయలేదన్నమాట. చిన్నమ్మ కాసేపు ఆయన తల వెనక భాగాన్ని చూసింది. తరువాత నన్ను ఒళ్ళోంచి తీసి సీటు మీద కూర్చోబెట్టి, తన తమ్ముడికిచ్చే బట్టలున్న పసుపు సంచీ తీసుకుని దిగింది. ఆమె ఖాళీ చేసిన చోట అత్త కూర్చుంది. అత్త పెళ్ళింటికి తెస్తున్న వంకాయల బుట్ట డిక్కీలోకి ఎక్కింది.

దిండిగల్ పొలిమేరలో తోళ్ళ వాసనకు అందరం ముక్కులు మూసుకున్నాం. కోడలు బస్సులో పోతే ఈ కంపు ఇంకా బాగా తగులుతుందని అవ్వ అంటే అత్త నవ్వింది.

పెరియకుళంలో చిన్నమ్మ నాన్న రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. కారు ఆగగానే ఆయన మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. డిక్కీ కూడా చూశాడేమో అనిపించింది నాకు. మా పిల్ల ఏదని అడిగాడు. కారులో ఆమెకు వాంతులవుతాయి, కారు పడదు, తానే బస్సులో వస్తానని మొండికేసింది, మేమెంత చెప్పినా వినలేదు అన్నది అవ్వ. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. మేళగాళ్ళు ఊదుతూనే ఉన్నారు. అయ్యవారు ముహూర్తం దాటిపోతుందని తొందరపెట్టాడు. ఆ పెద్దాయన రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళి వచ్చాడు. చివరికి పెళ్ళికొడుకు చిన్నాన్న కూతురెవరో దీపం పట్టుకుంది, ఆమే రెండు ముళ్ళు వేసింది. పెళ్ళికొడుకు తాళి పట్టుకున్నప్పుడు కూడా వాకిలి వైపే చూస్తున్నాడు.

భోజనాలయ్యాయి. పెద్దవాళ్ళు పందిట్లో చాపల మీద ఒరిగారు. ఎంగిలాకుల దగ్గర కుక్కలు కొట్లాడుకుంటున్నాయి. అప్పుడు వచ్చింది చిన్నమ్మ, బస్టాండు నుంచి నడిచి. లక్కరంగు చీర అంచు దుమ్ముతో తెల్లగా ఉంది. తలలో మల్లెలు గోధుమరంగుకు తిరిగాయి. వాళ్ళమ్మ ఎదురెళ్ళి చేతిలో సంచీ అందుకుంది. వాళ్ళ నాన్న, కారు పడదంట గదా తల్లీ, ఎప్పటి నుంచి అని అడిగాడు. ఆయన గొంతులో అనుమానం ఉంది. ఆ మాట నిజం కాదని ఆమె ఒక్క మాటంటే ఆ పందిరి కిందే రెండు కుటుంబాలు తెగిపోయేవి. అందరి చూపులూ ఆమె మీదే ఉన్నాయి. అవ్వ తాంబూలం నమలడం ఆపింది.

చిన్నమ్మ చాలాసేపు అవ్వనే చూసింది.

"అవు నాయనా," అన్నది. "నాకు కారు పడదు. అత్తమ్మ చెప్పింది నిజమే."

అవ్వ మళ్ళీ నమలడం మొదలుపెట్టింది. కోడలు తన పరువు కాపాడిందనుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు అత్త వాళ్ళ మండీ వ్యాను కోసం అక్కడే ఆగిపోయింది కనుక కారులో చోటుంది. ఎక్కమన్నారు. కారు పడదని చిన్నమ్మ బస్సుకు పోయింది. రెండు రోజుల అలక అనుకున్నారు. నెల గడిచింది, ఏడాది గడిచింది. సినిమాకు వెళ్ళినా, మరుదమలై గుడికి వెళ్ళినా, కారు ముందు పోయేది, ఆమె వెనక బస్సులో వచ్చేది. పెళ్ళి మండపాల ముందు మా కారు ఆగితే అందరూ దిగాక, చిన్న కోడలేదని బంధువులు అడిగేవారు. కొంతసేపటికి ఆమె ఎర్రమట్టి కాళ్ళతో నడిచి వచ్చేది. వీధిలో మాటలు పుట్టాయి. అవ్వ తిట్టింది. బతిమాలినట్టు నటించింది. ఆమె నాన్నను పిలిపించి పంచాయతీ పెట్టింది. దేనికైనా చిన్నమ్మ ఒకటే జవాబు, మెత్తగా, తల వంచుకుని. వాంతి వస్తుంది అత్తమ్మా, మీకు తెలుసు కదా. అవ్వ తన నోటితో అన్న మాటను అబద్ధమని తనే చెప్పాలి. చెప్పలేదు.

ఏళ్ళు గడిచాయి. నేను కాలేజీలో ఉండగా అవ్వ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచానికే పరిమితమైంది. భారీ మనిషి. అమ్మ ఎత్తబోతే, నేను ఎత్తబోతే, కొట్టంలో పనివాళ్ళు ఎత్తబోతే వీధి వినేలా అరిచేది. చిన్నమ్మకు చిన్నప్పటి నుంచి మామిడి బుట్టలు ఎత్తిన ఒడుపు ఉంది. చంకల కింద చేతులు దూర్చి, తన నడుము మీద బరువు వేసుకుని, పసిబిడ్డను లేపినట్టు లేపేది. అవ్వ నోటి నుంచి చిన్న మూలుగు కూడా వచ్చేది కాదు. ఆ పనంతా చిన్నమ్మే చేసింది. ఒంటికీ రెంటికీ కూడా.

ఆసుపత్రికి మాత్రం వారం వారం కారులో తీసుకుపోవాలి. ఇంటి దగ్గర అవ్వను ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టి, తల కింద దిండు సర్ది, తలుపు వేసి, చిన్నమ్మ గొడుగు తీసుకుని బస్‌స్టాపుకు నడిచేది. కారు ముందు చేరేది. ఆసుపత్రి ముంగిట్లో ఎండలో తలుపులు తెరిచి, అవ్వ ఆ రెక్సిను సీటు మీద చెమటలో తడిసి పడుకుని, టౌను బస్సు కోసం చూస్తుండేది. వచ్చేపోయేవాళ్ళు లోపలికి తొంగి చూసేవారు. ఒక్కోరోజు బస్సు త్వరగా వచ్చేది, ఒక్కోరోజు మిల్లు షిఫ్టు వదిలే వేళైతే నిండిపోయి ఆగకుండా పోయేది. చిన్నమ్మ కావాలని ఆలస్యం చేసేది కాదు. తొందరపడేదీ కాదు.

ఒకనాడు నేను కూడా వెళ్ళాను. ఇంటి దగ్గర తలుపు వేయబోతుంటే అవ్వ ఆమె కొంగు పట్టుకుంది.

"ఈ ఒక్కసారికి ఎక్కవే. ఆ ఎండ, ఆ వెయిల్ తాళలేను."

చిన్నమ్మ కొంగు విడిపించుకోలేదు. వంగి, అవ్వ నుదుటి మీద చెమట ఆ కొంగుతోనే తుడిచింది.

"నాకు పడదు గదా అత్తమ్మా. మీరే చెప్పినారు."

అవ్వ ఏడ్చింది. దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది. ఆ రోజు బస్సు చాలా ఆలస్యమైంది. చిన్నమ్మ వచ్చి అవ్వను లేపినప్పుడు నేను ఆమె చేతులనే గమనించాను. వాటిలో కోపం లేదు. ఎప్పటిలాగే మెత్తగా ఎత్తాయి. అవ్వకు ఆ మెత్తదనమే భరించరానిదిగా ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ చలికాలంలో అవ్వ ఆసుపత్రిలోనే పోయింది. శవాన్ని తెచ్చిన వాహనం వెనక మా కారు, ఆ వెనక ఎప్పుడో బస్సులో చిన్నమ్మ. ఆమె వచ్చేసరికి ఏడుపులు సద్దుమణిగాయి.

తరువాత కారు పాతబడింది. నేల తుప్పుపట్టి రోడ్డు కనిపించేది. దిండిగల్ వైపు ఎవరో టాక్సీకని తీసుకుపోయారు. మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. సంగులు ఆగిపోయాయి. మా కొట్టం ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంట్లు. నాయన, అమ్మ వెళ్ళిపోయారు. తమ్ముడు ఊరు మారాడు. అదే చోట కింది అంతస్తులో రెండు గదుల వాటాలో చిన్నాయన, చిన్నమ్మ మిగిలారు. చిన్నాయనకు పక్షవాతం వచ్చి, ఉన్న కాసిన్ని మాటలూ పోయాయి.

ఒక సాయంత్రం చూడబోయాను. చిన్నమ్మ ఆయన తల కింద దిండు ఎత్తు చేసి చెంచాతో గంజి పోస్తోంది. తల పూర్తిగా నెరిసింది, నడుము మాత్రం నిటారుగానే ఉంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగాను, అవ్వ పోయి ఇన్నేళ్ళయింది కదా, ఇంకా ఆమె మీద కోపమేనా అని.

"మీ అవ్వ మీద నాకేమి కోపం?" అన్నది. ఆయన గడ్డం మీద కారిన గంజి వేలితో తుడిచింది. "ఆమె దిగమనింది, దిగినాను. ఆమె గుణం నాకు వచ్చిన మొదటి దినమే తెలుసు. కారు కదిలేటప్పుడు దుమ్ము లేచింది. ఈయన కిటికీ పక్కన కూర్చోని ఉండాడు. నన్ను చూసినాడు. చూసి, అద్దం పైకి తిప్పుకున్నాడు."

ఆ రోజు నేను సరిగ్గా ఆయన వెనక సీట్లోనే ఉన్నాను. ఆ అద్దం పైకి పోవడం నేను చూడలేదు. అత్త పిల్లలతో కిటికీ పక్క చోటు కోసం గొడవపడుతున్నాను.

చిన్నాయన చెవులు బాగానే పనిచేస్తాయి. ఆయన ముఖం మెల్లగా గోడ వైపు తిప్పుకున్నాడు. చిన్నమ్మ పిలవలేదు, తల పట్టి తిప్పలేదు. నిండు చెంచా గాలిలో పట్టుకుని అలాగే కూర్చుంది. గిన్నెలో గంజి మీద పొర కట్టింది. ఆయనకు ఆకలిగా ఉందని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. కొంతసేపటికి ఆయనే ఇటు తిరిగి నోరు తెరిచాడు.